బొట్టు నలికిరి దిక్కు

గవ్వలదిబ్బలో నలికిరిని చంపినవాడికి పిల్లనివ్వరు. ఇది ఏ పంచాయితీ పుస్తకంలోనూ రాసి లేదు గానీ, అక్కడున్న అరవైమూడు గడపల్లో ఏ గడపనడిగినా ఇదే మాట చెబుతారు. అండమాన్ సముద్రంలో ఓ మూలకి విసిరేసినట్టుండే ఆ దీవికి పటాల్లో పేరు కూడా లేదు, ఒక అంకె ఉందంతే. మూడు తరాల కిందట శ్రీకాకుళం తీరం నుంచి చేపల వెంటపడి వచ్చిన వాడబలిజలు దానికి గవ్వలదిబ్బ అని పేరు పెట్టుకుని అక్కడే కాపురాలు పెట్టేశారు.

ఆ నలికిరి కూడా మామూలు నలికిరి కాదు. బల్లి జాతిదే గానీ, జానెడు పొడవు, నూనె రాసినట్టు నున్నటి ఒళ్లు, నడినెత్తిన బియ్యపుగింజంత తెల్లటి చుక్క. అందుకే బొట్టు నలికిరి అన్నారు. ప్రపంచంలో ఇంకెక్కడా లేదది. పట్టుకెళ్లి ఇంకోచోట వదిలితే చావదు, అలాగని బతకనూ బతకదు. గవ్వలదిబ్బ ఏ దిక్కున ఉందో ఆ దిక్కుకి తల తిప్పుకుని, మేత మానేసి కూర్చుంటుంది. తాతల కాలంలో దూరం వేటకి వెళ్లేవాళ్లు ఒకదాన్ని సొరబుర్రలో పెట్టి పడవలో ఉంచుకునేవారు. మంచు కమ్మితే మూత తీసి, దాని ముక్కు ఎటుంటే అటు తెడ్డు వేసేవారు. ఒడ్డు చేరాక, ఏ రాతి కింద పట్టారో ఆ రాతి కిందే, నాలుగు ఎండురొయ్యలు పెట్టి మరీ వదిలేవారు. అంత ఉపకారం చేసిన జీవిని చంపే చేతికి ఏ తండ్రి మాత్రం కూతుర్నిస్తాడు?

ఈ సంగతి ఎవరో చెప్పగా విని, ఆరేళ్ల కిందట కాకినాడ నుంచి డాక్టర్ కొడవంటి విశాలాక్షి వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, పెద్ద కళ్లజోడు. ఆవిడ జంతువుల శాస్త్రం చదివిన డాక్టరే గానీ మందులిచ్చే డాక్టరు కాదు. ఆ తేడా ఊళ్లో ఎవరికీ పట్టలేదు. జ్వరాలనీ, గాలం గుచ్చుకుందనీ వచ్చి నిలబడితే, ఆవిడా కాదనలేక మాత్రలు తెప్పించి పెట్టుకుంది. ఉత్తరపు ఒడ్డున రేకుల షెడ్డులో ప్రయోగశాల పెట్టి, నలికిరులకి మేత వెయ్యడానికీ గుడ్లు ఏరి తేవడానికీ బర్రి పుణ్యవతిని పనిలో పెట్టుకుంది. పుణ్యవతికి అప్పుడు ముప్ఫై రెండేళ్లు. చదివింది ఎనిమిదో తరగతే అయినా చెయ్యి నెమ్మది, కళ్లు చురుకు.

ఒకరోజు డాక్టరమ్మ ఒక నలికిరి నెత్తిమీది చుక్కకి నల్లమైనం అంటించింది. అది గాజుపెట్టెలో గానుగెద్దులా గుండ్రంగా తిరిగింది. మైనం తీసెయ్యగానే ఠక్కున ఆగి, తను పుట్టిన రాళ్లగుట్ట వైపు తల తిప్పేసింది.

"ఆ చుక్క కింద కన్నులాంటిదొకటుంది పుణ్యవతీ. భూమి అంతా ఒక పెద్ద అయస్కాంతం కదా, దాని లాగుడు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. పుట్టినచోట ఎలా ఉందో ఇది గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఎక్కడున్నా దానితోనే పోల్చి చూసుకుంటుంది."

"మా అత్తలాగన్నమాట. నానేటి ఒండినా ఆళ్లమ్మ కూరతోనే పోలుస్తాది," అంది పుణ్యవతి.

డాక్టరమ్మ నవ్వింది. ఆ కన్నులోని కణాలని పెంచి, మనిషి చర్మం కింద బతికేలా చెయ్యాలన్నది ఆవిడ పట్టుదల. పెసరబద్దంత బిళ్ళ నుదుటిమీద, జుట్టు మొదలయ్యే చోట పెడితే, వేటకెళ్లినవాడు ఇక దారి తప్పడు. ప్రయోగాలు చేసి చేసి, మూడేళ్లకి ఆ బిళ్ళ తయారుచేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పుణ్యవతి మొగుడు నీలయ్య సముద్రంలో తప్పిపోయాడు. పడవలో దారి చూపించే డబ్బా ఉంది. ఉంటే ఏం, బ్యాటరీ తడిశాక అదీ కొబ్బరిచిప్పా ఒకటే. పంతొమ్మిది రోజులు పత్తా లేడు. పన్నెండో రోజున చుట్టాలు నలుగురు చేరి, ఇక గాజులు తీయించే సంగతి చూద్దామన్నారు. నీలయ్య తల్లి పోలమ్మ మూలనున్న తెడ్డు తీసుకుని నలుగుర్నీ వీధి చివరిదాకా తరిమింది. ఇరవయ్యో రోజున ఏదో పరదేశపు ఓడవాళ్లు నీలయ్యని తెచ్చి అప్పజెప్పారు. ఎండకి తోలు ఊడిపోయి, ఊచలా అయిపోయి ఉన్నాడు. పెళ్లాన్ని చూసి, "అన్నముందా?" అని అడిగాడు.

అతను కోలుకున్న వెంటనే పుణ్యవతి డాక్టరమ్మ దగ్గరికెళ్లి, "ఆ బిల్ల మనిసికి పెట్టినప్పుడు ముందు మా ఆయనికే పెట్టండమ్మా," అంది. ఒకసారి కాదు, రెండేళ్లపాటు అడుగుతూనే ఉంది. అనుమతులన్నీ వచ్చాక, ఒక కార్తీకమాసం సాయంత్రం, రెండు కుట్లతో పని అయిపోయింది.

"రేపు పొద్దున్న రెండు గంటలపాటు ఒడ్డున కూర్చుని నుదురు ఎండకి పెట్టు నీలయ్యా. ఎండ తగిలితేనే కణాలు మేలుకుంటాయి," అని చెప్పింది డాక్టరమ్మ.

చెప్పినదాంట్లో నీలయ్య పొల్లు పోనివ్వలేదు. కాకపోతే గవ్వలదిబ్బకి ఒక ఆనవాయితీ ఉంది. పడవలోకి ఏ కొత్త వస్తువొచ్చినా, వలైనా ఇంజనైనా, ముందుగా దాన్ని తూర్పున రెండు గంటల దారిలో, నీళ్ల అడుగున ఉన్న సూరచేపల మిట్ట దగ్గరికి తీసుకెళ్లాలి. అక్కడ నీటిమీద సూర్యుడు పొడిచేవేళకి గంగమ్మకి చూపించి కొబ్బరికాయ కొట్టాలి. ఆ తర్వాతే వాడుక. బిళ్ళ కూడా వేటకోసం వచ్చిన కొత్త వస్తువే కదా. పసుపు, కుంకం, కొబ్బరికాయ గుడ్డలో మూటగట్టి ఇచ్చింది పుణ్యవతే. తొలికోడి కూయగానే వెళ్లి, గంగమ్మ పని ముగించుకుని ఏడున్నరకల్లా వచ్చేశాడు. ఎనిమిదినుంచి పదిదాకా ఒడ్డున కూర్చుని డాక్టరమ్మ చెప్పిన ఎండా కాచుకున్నాడు. దేవతకి దేవత, వైద్యానికి వైద్యం. ఎవరికీ లోటు చెయ్యలేదనే అనుకున్నారు.

నెల తర్వాత పరీక్ష పెట్టారు. తూర్పు సముద్రం పోటుమీద ఉందని పడమటి వైపు తీసుకెళ్లారు. కళ్లకి గంతలు కట్టి, పడవని పది చుట్లు తిప్పి, "ఇల్లెటు?" అని అడిగారు. నీలయ్య చెయ్యి తిన్నగా గవ్వలదిబ్బ వైపు చూపించింది. ఏడుసార్లు అడిగితే ఏడుసార్లూ అంతే.

"ఎలా తెలుస్తోంది?" అని ఆత్రంగా అడిగింది డాక్టరమ్మ.

"పొయ్యికాడ కూకుంటే ఒక సెంప ఎచ్చగుంటాది సూడండి, అలగ," అన్నాడు.

ఆ వేళ డాక్టరమ్మ ఊరందరికీ మిఠాయి పంచింది. పోలమ్మ కొడుక్కి దిష్టి తీసింది. పుణ్యవతికైతే గుండెల మీదినుంచి బండరాయి దించినట్టే అనిపించింది. ఇక తన మనిషి ఎక్కడికెళ్లినా తిరిగొస్తాడు. ఆమె కోరుకున్నది అదొక్కటే.

సంక్రమణం దాటేసరికి నీలయ్య వాలకం మారింది. ఇంట్లో ఎక్కడ కూర్చోబెట్టినా తూర్పు గోడ వైపు తిరిగేవాడు. అన్నం కంచం ఒళ్లో పెట్టుకుని నాలుగు ముద్దలు తిని ఆగిపోయేవాడు. మనిషి ఇంట్లోనే ఉన్నాడు గానీ బస్సు దిగాల్సినవాడిలా ఎప్పుడూ కుర్చీ అంచునే ఉన్నాడు.

"ఏటి మావా, గోడకేసి సూస్తావు? బల్లి కనబడిందేటి?" అని అడిగింది పుణ్యవతి ఒక మధ్యాహ్నం.

"ఏటో మరి. ఇల్లు ఇంకా రానేదనిపిస్తంది," అన్నాడు నీలయ్య.

తన ఇంట్లో, తన పీటమీద, పెళ్లాం వండిన అన్నం తింటూ అన్న మాట అది. పుణ్యవతి నవ్వేసింది గానీ ఆ మాట చెప్పులో రాయిలా ఉండిపోయింది. తర్వాత్తర్వాత అతను వేట లేని రోజుల్లో కూడా పడవ తీయడం మొదలుపెట్టాడు. తూర్పుగా వెళ్లడం, చేపలు లేకుండా తిరిగిరావడం. ఒకటి రెండుసార్లు గాలివాన పట్టినా ఆగలేదు. నూతి దగ్గర ఆడవాళ్లు, "తూరుపు సముద్రంలో నీకు సవితి ఉన్నాదేమో సూసుకో," అని వేళాకోళమాడారు. పుణ్యవతి పైకి నవ్వి, ఇంటికొచ్చాక అతని చొక్కాలు వాసన చూసింది. ఉప్పు వాసన తప్ప ఇంకేం లేదు. ఆ పని చేసినందుకు తనమీద తనకే సిగ్గేసింది.

ఫాల్గుణంలో ఒక తెల్లవారుజామున పీతలు నలికిరి గుడ్లు తవ్వి తినేస్తుంటే, మిగిలిన మూడింటినీ ఇసకతో సహా బక్కెట్లో వేసుకుని షెడ్డుకి తెచ్చింది పుణ్యవతి. తలుపు తాళం ఇంకా తియ్యలేదు. బక్కెట్టు వరండా మెట్టుమీద పెట్టి కూర్చుంది. సూర్యుడు పైకొస్తుండగా మూడు గుడ్లూ పగిలి, చిటికెనవేలంత పిల్లలు బయటికొచ్చాయి.

వారం తర్వాత వాటి తీరు చూసి ఆమెకి అనుమానమొచ్చింది. షెడ్డు వెనక్కి తీసుకెళ్తే ముందువైపు తిరుగుతున్నాయి. ముందుకి తెస్తే వెనక్కి తిరుగుతున్నాయి. పెట్టెని ఎక్కడ పెట్టినా వాటి తలలు ఆ మెట్టు వైపే. చివరికి తల్లి గుడ్లు పెట్టిన రాతి దగ్గరికే తీసుకెళ్లి పెట్టింది. ఆ రాతికి వీపు పెట్టి మెట్టు వైపు చూశాయి.

సంగతి విని డాక్టరమ్మ చేతిలోని టీ కప్పు కింద పెట్టేసింది. తనే పెట్టె మోసుకుని దీవంతా తిరిగి చూసింది. తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది.

"గుడ్డు ఎక్కడ పెట్టిందన్నది కాదు పుణ్యవతీ. తొలి ఎండ ఎక్కడ తగిలిందన్నది లెక్క. ఇన్నాళ్లూ ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు." వెంటనే అడిగింది. "నీలయ్యకి తొలి ఎండ ఎక్కడ తగిలింది?"

"ఒడ్డునేనమ్మా. ఎనిమిదినుంచి పదిదాకా నానే పక్కన కూకున్నాను..."

అంటూనే పుణ్యవతికి ఆ తెల్లవారుజాము గుర్తొచ్చింది. కొబ్బరికాయ మూటకి ముడి వేసిన వేళ్లు తనవే. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, సూరచేపల మిట్ట సంగతి మొదటినుంచీ చెప్పింది. చెబుతూ ఏడ్చింది.

డాక్టరమ్మ తిట్టలేదు. "నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. పడమటినుంచి చూస్తే ఊరూ మిట్టా ఒకే దిక్కు, అందుకే పరీక్షలోనూ బయటపడలేదు. ఎవరి పద్ధతిలో వాళ్లం జాగ్రత్తగానే ఉన్నాం," అంది.

"తీసీడానికి అవదా అమ్మా?"

"అది నరంలోకి వేళ్లు తన్నేసింది. తీయడం కుదరదు. సూదిమందుతో చంపెయ్యచ్చు. రెండు నలికిరులకి అలా చేశాను. తింటున్నాయి, తిరుగుతున్నాయి. కానీ దేనికీ తన బొరియంటూ లేదు. చీకటి పడితే ఎక్కడుంటే అక్కడే పడుకుంటాయి. నీలయ్య మనిషి. మనిషికి ఇంకా వెయ్యి ఆనవాళ్లుంటాయి. ఏమవుతుందో నాకు తెలీదమ్మా, అబద్ధం చెప్పను."

"ఇలగే ఒగ్గీస్తే?"

"లాగుడు ఏడాదికేడాది పెరుగుతుంది. వానాకాలంలో కూడా అతను వెళ్లకుండా ఉండలేడు."

వెళ్తే ఏమవుతుందో పుణ్యవతికి ఎవరూ చెప్పక్కర్లేదు. సూది వేయిస్తే ఇల్లు తెలియని మొగుడు, వేయించకపోతే ఏదో ఒకరోజు తిరిగిరాని మొగుడు. రెండేళ్లు వెంటపడి అడిగి తెచ్చుకున్న భాగ్యం ఇది.

మర్నాడు పొద్దున్న నీలయ్య పడవ తోస్తుంటే, బియ్యం, చింతపండు, రెండు గిన్నెలు బుట్టలో పెట్టుకుని ఆమె ఒడ్డుకొచ్చింది. గవ్వలదిబ్బలో ఆడవాళ్లు వేటపడవ ఎక్కరు. పోలమ్మ గుండెలు బాదుకుంది.

"ఒలే కోడలా, మతి గాని పోనాదేటే నీకు? గంగమ్మ ఊరుకుంతాదా?"

"గంగమ్మ ఆడది కాదేటత్తా? గుమ్మంలోకి ఒచ్చిన ఆడమనిసిని తగిలేస్తాదా?"

పోలమ్మ విసవిసా ఇంట్లోకి వెళ్లిపోయింది. అలిగిందనుకుంటే, కిరసనాయిలు పొయ్యి చంకనెట్టుకుని తిరిగొచ్చింది. "సముద్రంలో ఏటిమీద ఒండుతావే తింగరిదానా," అని పొయ్యిని పడవలోకి అందించింది.

రెండు గంటల ప్రయాణంలో పుణ్యవతి నీళ్లని చూడలేదు, మొగుడి మొహాన్నే చూసింది. దూరం తగ్గేకొద్దీ అతని భుజాలు దిగాయి. నుదుటి ముడతలు విడిపోయాయి. మిట్ట మీదికి రాగానే ఇంజను కట్టేసి లంగరు వేశాడు. చుట్టూ ఏమీ లేదు. నలభై బారల లోతు నీళ్లు, పైన ఆకాశం.

"ఒచ్చీసినాం," అన్నాడు నీలయ్య. అని, ఆమెని చూసి కంగారుపడ్డాడు. "సాపైనా నేదు. ఆ సెక్కమీద కూకో. తడిగుంటే ఈ తువ్వాలు ఏసుకో."

ఇంటికి చుట్టాలొస్తే పడే కంగారు అది. పుణ్యవతి చెక్కమీద కూర్చుని, అతను పట్టిచ్చిన సూరచేపతో పులుసు పెట్టింది. నీలయ్య రెండుసార్లు మారు అడిగి తిన్నాడు. పెళ్లినాటి సంగతులు చెప్పాడు. తల్లి తెడ్డుతో చుట్టాల్ని తరిమిన కథ పదోసారి విని పడీపడీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే పడవ అంచుకి తల ఆన్చి, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. నాలుగు నెలలుగా ఇంట్లో కనిపించని మొగుడు ఇక్కడ కనిపించాడు. పుణ్యవతికి ఏడుపు ఆగలేదు. వచ్చేటప్పుడు సూది గురించి ఒప్పించాలనే వచ్చింది. ఇప్పుడా మనిషిని లేపి ఆ మాట అనడానికి నోరు రాలేదు.

అతను లేచాక డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పింది. కొబ్బరికాయ తప్పు తనదేనని కూడా చెప్పింది. చెప్పి, "సూది ఒద్దు మావా. నానే రోజూ ఇక్కడికొచ్చి ఒండుతాను," అంది.

నీలయ్య గిన్నెలు కడిగి బుట్టలో సర్దాడు.

"ఇక్కడుంటే నాకు ఇంట్లో ఉన్నట్టే ఉంటాది పున్నీ. అది నిజమే. కానీ ఇందాక నీకు సాప నేదని నానెంత ఇదైపోనానో సూసినావా? ఇక్కడ నువ్వు సుట్టానివి. నిన్ను సుట్టాన్ని సేసుకుని నానేటి బతకాల? సూది ఏయించుకుంతాను."

"రేపు మనిల్లు నీకు తెలకపోతే?"

"అడుగుతాను. ఊర్లో మనుసులు నేరేటి," అన్నాడు నీలయ్య లంగరు తాడు లాగుతూ.

సూది వేశాక అతను జ్వరపడి మూడురోజులు పడుకున్నాడు. డాక్టరమ్మ దగ్గరుండి చూసుకుంది. లేచాక తూర్పు గోడ వైపు చూడలేదు. మరే గోడ వైపూ చూడలేదు. 

వానలు పట్టకముందే డాక్టరమ్మ పని ఆపేసింది. ఇది మనుషులకి పనికిరాదని పైవాళ్లకి కాగితం రాసి, నలికిరులన్నిటినీ ఏ రాతి కిందివాటిని ఆ రాతి కింద వదిలించింది. షెడ్డు విప్పి తీసుకెళ్లడానికి కూలీలొస్తే, వరండా మెట్టు జోలికి మాత్రం వెళ్లొద్దంది. ఇప్పటికీ ఉత్తరపు ఒడ్డున ఇల్లు లేని మెట్టొకటి ఉంది. దాని పగుల్లో మూడు నలికిరులు కాపురముంటున్నాయి.

నీలయ్యకి వీధులన్నీ తెలుసు. తల్లి తెలుసు, పెళ్లాం తెలుసు, వల కుట్టే చెయ్యి మునుపటిలాగే ఆడుతుంది. తన ఇల్లు ఏదో కళ్లతో చూసి గుర్తుపడతాడు. ఒక్కటే పోయింది. గుమ్మంలో అడుగుపెట్టగానే ఎవరికైనా ఒంట్లో ఏదో సర్దుకుంటుందే, అది అతనికి లేదు. మొదట్లో చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని, వానలో తడుస్తూ, పరాయి ఇంటి ముందు నిలబడ్డట్టు గడప అవతలే నిలబడిపోయేవాడు. పుణ్యవతి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చేది. తర్వాత అతనే అడగడం మొదలుపెట్టాడు. ఒకసారి ఆమె ఇంట్లో లేకపోతే పోలమ్మ, "ఒచ్చినావులేరా, రా," అంది. అతను తల్లి మాట విన్నాడు, తలూపాడు, కానీ గడప దాటలేదు. పుణ్యవతి వచ్చేదాకా అక్కడే ఉన్నాడు.

అందుకని పడవలు ఒడ్డుకొచ్చే వేళకి ఆమె ఎక్కడికీ వెళ్లదు. పెళ్లైనా, పేరంటమైనా, ఒంట్లో బాగాలేకపోయినా, వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. నీలయ్య వీధి మలుపు తిరిగి, బుట్ట దించి, కాళ్లు కడుక్కుని ఆమె మొహంలోకి చూస్తాడు.

"ఒచ్చీసినానా?" అని అడుగుతాడు.

"ఒచ్చీసినావు," అంటుంది పుణ్యవతి.

అప్పుడు లోపలికొస్తాడు.